సర్వరు ఆగిన పూట ఏం చేయాలి?

2024 జూలై 19, శుక్రవారం. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో విమానం ఎక్కాల్సిన కొందరి చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడి పాసు ఫొటో ఫోన్లలో దేశమంతా తిరిగింది. చూసినవాళ్లు నవ్వుకున్నారు. కానీ ఆ చేతిరాత వెనకున్న సంగతి నవ్వి వదిలేసేది కాదు.

ఆ ఉదయం మన సమయం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ తన ఖాతాదారుల కంప్యూటర్లకు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో లోపం ఉంది. 78 నిమిషాల్లో సంస్థ దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ ఆ కాస్త సమయంలోనే ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు, టీవీ చానళ్లు చాలా దేశాల్లో తడబడ్డాయి. మన దేశంలో 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

ఈ సంచిక చదివే మన దాతల్లో చాలామంది వ్యాపారస్తులు. బట్టల దుకాణం, మందుల దుకాణం, హార్డ్‌వేర్, టోకు కిరాణా... ఏదైనా సరే, ఇప్పుడు బిల్లు, సరుకు లెక్క, అరువు ఖాతా, పనివారి జీతాలు అన్నీ ఒక మూలన పెట్టిన సర్వరులోనే ఉంటున్నాయి. రాత్రి అప్‌డేట్ జరిగి, పొద్దున షట్టరు ఎత్తేసరికి ఆ సర్వరు లేవకపోతే ఏం చేయాలి? ఏం చేయకూడదు? కంప్యూటరు విద్య చదవనివారికి కూడా అర్థమయ్యేలా ఈ విషయం చెప్పాలన్నది మా ప్రయత్నం.

అప్‌డేట్ వల్ల సర్వరు ఎందుకు ఆగుతుంది?

దుకాణంలోని బిల్లింగు కంప్యూటర్లన్నీ లెక్కల కోసం అడిగే పెద్ద కంప్యూటరే సర్వరు. మీట నొక్కగానే అది ఒక్కసారిగా లేవదు, మెట్టు మెట్టుగా లేస్తుంది. ముందు యంత్రంలోని మూల ప్రోగ్రాము మేల్కొంటుంది. అది విండోస్‌ను గానీ లినక్స్‌ను గానీ పిలుస్తుంది. తర్వాత డిస్కు, నెట్‌వర్కు, భద్రత వంటి పనులు చూసే డ్రైవర్లు వస్తాయి. చివరికి మనం వాడే లెక్కల ప్రోగ్రాము తెరుచుకుంటుంది.

పై మెట్టులో తప్పు జరిగితే ఆ ఒక్క ప్రోగ్రామే మూతపడుతుంది. అడుగు మెట్టులో తప్పు జరిగితే యంత్రమంతా ఆగుతుంది. క్రౌడ్‌స్ట్రయిక్ విషయంలో జరిగింది ఇదే. కొత్త అప్‌డేట్ 21వ గడిలోని వివరాన్ని చదవమంది. యంత్రంలోని ప్రోగ్రాము ఇచ్చింది 20 గడులే. లేని 21వ గడి కోసం అది తనది కాని చోటికి వెళ్లి చదవబోయింది. విండోస్ వెంటనే యంత్రాన్ని ఆపేసింది. మళ్లీ లేచినప్పుడు అదే ఫైలు, అదే తప్పు, అదే ఆగడం.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. నీలి తెర చూపించి విండోస్ ఆగిపోవడం చాలాసార్లు రక్షణ కోసమే. తప్పు దారిలో ముందుకు వెళ్తే డిస్కులోని సమాచారం చెడిపోవచ్చు కాబట్టి అది నిలిచిపోతుంది. అంటే సర్వరు ఆగింది గానీ, లెక్కలు పోయాయని కాదు. ఆగిన యంత్రం వేరు, పోయిన లెక్క వేరు. మొదటిదాన్ని రెండోదిగా మార్చేది చాలాసార్లు మన కంగారే. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచింది ఇదే.

తొందర తెచ్చిన నష్టం

ఇందుకు పెద్ద ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. 2012 జూన్ 17న రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ సాంకేతిక విభాగం, రాత్రిపూట ఖాతాల లెక్కలు వరసగా నడిపించే సాఫ్ట్‌వేర్‌ను కొత్త రూపానికి మార్చింది. మరునాడు ఏదో తేడా కనిపించింది. దాంతో కొత్తదాన్ని తీసేసి పాతదానికి వెళ్లాలని నిర్ణయించారు. అలా తీసేస్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించి చూడలేదు. పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదరలేదు, లెక్కల వరస తెగిపోయింది.

ఆ బ్యాంకుతో పాటు దాని కిందనున్న నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంకుల ఖాతాదారులూ ఇబ్బంది పడ్డారు. బ్రిటన్‌లోనే 65 లక్షల మందికి పైగా బాధితులు. ఖాతాలో ఎంత ఉందో తెలియదు. ఇంటి రుణం వాయిదా వేళకు కట్టలేకపోయారు. పరాయి దేశానికి వెళ్లినవారి చేతిలో డబ్బు లేదు. కొన్ని వ్యాపారాలు పనివారికి జీతాలు ఇవ్వలేకపోయాయి. అల్‌స్టర్ బ్యాంకు ఖాతాదారులకు ఈ తిప్పలు జూలై దాకా సాగాయి. 2014 నవంబరులో ఇద్దరు నియంత్రణాధికారులు కలిపి ఆ బ్యాంకుపై 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా వేశారు.

అప్‌డేట్‌ను వెనక్కి తీయడం తప్పు కాదు. అదీ ఒక పెద్ద మార్పేనని మరిచిపోవడం తప్పు. అంత పెద్ద బ్యాంకుకే తప్పని ఈ పాఠం మన చిన్న దుకాణానికీ వర్తిస్తుంది.

మొదటి గంటలో

పొద్దున సర్వరు లేవలేదనుకుందాం. బిల్లు కౌంటరు ముందు జనం ఉన్నారు. అప్పుడు ఏం చేయాలో వరసగా చెబుతాం.

మొదట వ్యాపారాన్ని కాగితం మీదకు మార్చండి. వరస సంఖ్యలు అచ్చువేసిన బిల్లు పుస్తకం ఒకటి ఎప్పుడూ సొరుగులో ఉండాలి. కౌంటరు నడుస్తుంటే సర్వరు బాగుచేసేవాడి మీద ఒత్తిడి ఉండదు. ఒత్తిడి లేనప్పుడే తప్పులు తగ్గుతాయి.

రెండోది, తెర మీద ఏముందో ఫోనుతో ఫొటో తీయండి. తప్పు సంఖ్య, ఫైలు పేరు అందులోనే ఉంటాయి. నిన్న రాత్రి ఏం మారింది, ఎన్ని గంటలకు మారింది, ఎవరు మార్చారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి.

మూడోది, అప్‌డేట్ ఇంకా జరుగుతున్నట్టు తెర చెబుతుంటే ఓపిక పట్టండి. సర్వరు అప్‌డేట్లకు, ముఖ్యంగా అది తన మార్పులను తానే వెనక్కి తీసుకుంటున్నప్పుడు, చాలా సమయం పడుతుంది. మధ్యలో కరెంటు తీసేస్తే సగం పాత, సగం కొత్త ఫైళ్లు మిగులుతాయి. డిస్కు దీపం మెరుస్తూ ఉంటే పని జరుగుతోందని అర్థం.

నాలుగోది, ఫార్మాట్ అనే మాట ఎవరి నోట వచ్చినా ఆపండి. 'కొత్తగా విండోస్ వేసేద్దాం సార్, గంటలో అయిపోతుంది' అనే కుర్రాడు చెడ్డవాడు కాదు. కానీ అతనికి మీ పదేళ్ల ఖాతా ఏ డిస్కులో ఏ భాగంలో ఉందో తెలియకపోవచ్చు. ఏ మరమ్మతుకైనా ముందు ఆ డిస్కుకు పూర్తి నకలు తీయించండి. అది చేతిలో ఉంటే ఏ ప్రయత్నం విఫలమైనా మళ్లీ మొదటికి రావచ్చు.

ఐదోది, తెలియనివారికి యంత్రాన్ని అప్పగించకండి. 2024 జూలైలో సమస్య మొదలైన కొద్ది గంటలకే సహాయం చేస్తామంటూ మోసగాళ్లు దొంగ వెబ్‌సైట్లు, ఈమెయిళ్లతో బయల్దేరారు. సాఫ్ట్‌వేర్ సంస్థ అసలు వెబ్‌సైటును ఫోనులో మీరే తెరిచి చూడండి. ఈ ఇబ్బంది మీ ఒక్కరిదేనా, అందరిదా అన్నది అక్కడే తెలుస్తుంది.

మరమ్మతు మెట్లు

మరమ్మతులో ఒక సూత్రం ఉంది. తక్కువ మార్పు చేసే ఉపాయాన్ని ముందు, ఎక్కువ మార్పు చేసేదాన్ని చివర ప్రయత్నించాలి.

విండోస్ సర్వరు వరసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే సాధారణంగా తనంతట తానే రికవరీ తెరను చూపిస్తుంది. అది రాకపోతే విండోస్ ఉన్న పెన్ డ్రైవ్‌తో ఆ తెరకు చేరవచ్చు. అక్కడ ఇటీవలి అప్‌డేట్‌ను తీసేసే వీలు చాలావరకు ఉంటుంది. అది పనిచేయకపోతే సేఫ్ మోడ్. అందులో తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే యంత్రం లేస్తుంది కాబట్టి గొడవ చేసే ఫైలును గుర్తించి తొలగించవచ్చు. సగంలో నిలిచిన అప్‌డేట్‌ను వెనక్కి తిప్పడానికి డిస్మ్ అనే ఆదేశం ఉంది. ఒక జాగ్రత్త. రికవరీ తెరలో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు. మనం సి అనుకున్నది అక్కడ డి కావచ్చు. చూసుకోకుండా ఆదేశం ఇవ్వకూడదు.

లినక్స్ సర్వరు అయితే పని కొంత తేలిక. కొత్త కెర్నల్ వేసినా చాలా రకాల లినక్స్‌లో పాతది అలాగే ఉంటుంది. మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితాలో పాతదాన్ని ఎంచుకుంటే సర్వరు లేచే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు చాలాచోట్ల ఒకే పెద్ద యంత్రంలో వర్చువల్ సర్వర్లు నడుస్తున్నాయి. అక్కడ ఆగిపోయిన సర్వరు డిస్కును విడదీసి, బాగున్న మరో సర్వరుకు రెండో డిస్కుగా తగిలించి, చెడ్డ ఫైలు తీసేసి, తిరిగి మొదటిదానికి పెట్టవచ్చు. 2024లో చాలామంది ఈ ఉపాయంతోనే గట్టెక్కారు. అప్‌డేట్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్‌కు తిరిగి వెళ్లడం ఇంకా సులభమే గానీ, స్నాప్‌షాట్ తర్వాత కొట్టిన బిల్లులన్నీ దానితోపాటే మాయమవుతాయి. ఆ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇవేవీ కుదరనప్పుడే బ్యాకప్ నుంచి మొత్తం తిరిగి నిలబెట్టడం.

క్రౌడ్‌స్ట్రయిక్ సమస్యకు పరిష్కారం వింటే ఆశ్చర్యం వేస్తుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, 'సి-00000291' అని మొదలయ్యే ఫైలును తొలగించి, యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టడమే. ఒక్క యంత్రానికి అది కొద్ది నిమిషాల పని. మరి రోజులు ఎందుకు పట్టాయి? లేవని యంత్రానికి నెట్‌వర్కు ద్వారా మందు పంపడం కష్టం. చాలాచోట్ల మనిషి స్వయంగా దాని దగ్గరకు వెళ్లాలి. అమెరికాలోని డెల్టా విమాన సంస్థ 40,000 సర్వర్లను ఇలా ఒక్కొక్కటిగా చేతితో సరిచేయాల్సి వచ్చిందని దాని ముఖ్య అధికారి చెప్పారు.

రెండో అడ్డంకి తాళం. దొంగల భయంతో చాలామంది డిస్కును బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంచారు. రికవరీ తెరలో ఆ డిస్కు తెరవాలంటే 48 అంకెల తాళంచెవి సంఖ్య కావాలి. కొన్ని సంస్థల్లో ఆ సంఖ్యలు భద్రపరిచిన సర్వరు కూడా ఆగిపోయింది. ఇనప్పెట్టె తాళంచెవిని ఇనప్పెట్టెలోనే పెట్టి మూసినట్టయింది.

లేచిన తర్వాత

సర్వరు లేచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ పని అయిపోలేదు. డెల్టా సంస్థనే చూడండి. యంత్రాలు లేచినా, ఏ పైలట్ ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పే సాఫ్ట్‌వేర్ జరిగిన మార్పులను అందుకోలేకపోయింది. ఐదారు రోజుల్లో సుమారు 7,000 విమానాలు రద్దయ్యాయి. దాదాపు 50 కోట్ల డాలర్ల నష్టమని సంస్థ లెక్క చెప్పింది. సర్వరు లేవడం వేరు, లెక్క సరిపోవడం వేరు.

కాబట్టి కౌంటర్లను వెంటనే కలపకండి. ముందు డేటాబేసును తనిఖీ చేయించండి. లెక్కల సాఫ్ట్‌వేర్లలో ఇందుకు ఏర్పాటు ఉంటుంది. యంత్రం తేదీ, సమయం సరిగా ఉన్నాయా చూడండి. ఆగక ముందు కొట్టిన చివరి బిల్లు సంఖ్య ఎంత? అది కనిపిస్తోందా? బ్యాంకు స్టేట్‌మెంటులోనూ యూపీఐ జాబితాలోనూ ఉన్న వసూళ్లు ఖాతాలో ఉన్నాయా? అన్నీ సరిపోయాక, కాగితం బిల్లులను వరస సంఖ్య తప్పకుండా ఎక్కించండి. ఎక్కించిన ప్రతి బిల్లు మీద గుర్తు పెట్టండి. లేకపోతే ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కి, అరువు తీసుకున్నవాడి మీద రెట్టింపు బాకీ పడుతుంది. ఆ వెంటనే కొత్తగా బ్యాకప్ తీయండి.

అయితే అప్‌డేట్లు మానేద్దామా?

వద్దు. ఇదంతా చదివి 'మా సర్వరుకు అసలు అప్‌డేట్లే వద్దు' అనుకుంటే అది మరో ప్రమాదం. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ముఖ్యమైన భద్రతా సవరణ విడుదల చేసింది. దాన్ని వేసుకోని యంత్రాల మీద రెండు నెలల తర్వాత, మే 12న, వాన్నాక్రై అనే వైరస్ విరుచుకుపడింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్య సేవలు దెబ్బతిన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

మరోవైపు 2022 జనవరి 11న వచ్చిన విండోస్ సర్వరు అప్‌డేట్ల వల్ల కొన్ని చోట్ల ప్రధాన సర్వర్లు పదే పదే ఆగి మళ్లీ మొదలవసాగాయి. మైక్రోసాఫ్ట్ 17వ తేదీన సవరణ ఇచ్చింది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెడితే మధ్యే మార్గం కనిపిస్తుంది. వచ్చిన రోజే అన్ని యంత్రాలకూ వేయకూడదు, నెలల తరబడి వాయిదా వేయకూడదు. ముందు అంతగా అవసరం లేని ఒక కంప్యూటరుకు వేసి కొన్ని రోజులు చూడండి. బాగుంటే సర్వరుకు వేయండి. అత్యవసరమని సంస్థ ప్రత్యేకంగా హెచ్చరించినవాటిని మాత్రం త్వరగా వేయాలి. రంజాన్ రద్దీలోనో, నెలాఖరు జీతాల ముందు రోజో, సర్వరు చూసే మనిషి ఊళ్లో లేనప్పుడో పెట్టుకోకండి.

ముందే చేసి ఉంచాల్సినవి

సర్వరు తిరిగి లేస్తుందా లేదా అన్నది చాలావరకు అది ఆగడానికి ముందే తేలిపోతుంది. నాలుగు పనులు చేసి ఉంచండి.

ఒకటి, లెక్కలకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒక ప్రతి దుకాణం బయట, మరో చోట ఉండాలి. ఎప్పుడూ సర్వరుకే తగిలించి ఉన్న డిస్కును బ్యాకప్ అని నమ్ముకోకండి. నిప్పు వచ్చినా వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి.

రెండు, మూడు నెలలకొకసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. రోజూ బ్యాకప్ అవుతోందని సంవత్సరాలుగా నమ్మి, అవసరమైన రోజున ఖాళీ ఫైలు చూసి కూలబడినవారు ఈ రంగంలో తక్కువేమీ లేరు. తెరిచి చూడని బ్యాకప్ మీద భరోసా పెట్టుకోకూడదు.

మూడు, డిస్కు తాళంచెవి సంఖ్య, సర్వరు పాస్‌వర్డు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు వివరాలు, పిలవాల్సిన మనుషుల ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి, ఇంట్లో దస్తావేజులు దాచే చోట పెట్టండి. మీకు కాక ఇంట్లో మరొకరికి ఆ చోటు తెలిసి ఉండాలి.

నాలుగు, అప్‌డేట్ రాత్రి మొదలుపెట్టే ముందు ఆ రోజు బ్యాకప్ పూర్తయిందో లేదో ఒక మనిషి కళ్లతో చూసి, తేదీ వేసి సంతకం పెట్టాలి.

వీటికయ్యే ఖర్చు ఒకటి రెండు డిస్కులు, ఒక పుస్తకం, మూడు నెలలకొక పూట పని. లాభం తెచ్చే ఖర్చు కాదు కాబట్టి దీన్ని వాయిదా వేయాలనిపిస్తుంది. కానీ ఆ సర్వరులో ఉన్నది మన ఆస్తి ఒక్కటే కాదు. మనకు సరుకిచ్చినవారి బాకీ అందులో ఉంది. ముందుగా డబ్బు కట్టి సరుకు కోసం ఎదురుచూస్తున్నవారి పేర్లున్నాయి. పనివారి హాజరు, వారికి రావాల్సిన జీతం ఉన్నాయి. జకాత్ లెక్క కట్టాలన్నా ఆ వివరాలే ఆధారం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసి పెట్టుకోవాలన్నది మనకు తెలిసిన నియమమే. రాసినదాన్ని కాపాడుకోవడం కూడా ఆ బాధ్యతలో భాగమే, అదీ ఒక అమానతే.

ఈ సంచిక పక్కన పెట్టాక మీ సర్వరు చూసే అబ్బాయిని పిలిచి మూడు ప్రశ్నలు అడగండి. చివరి బ్యాకప్ ఎప్పుడు తీశాం? దాన్ని తెరిచి చూసింది ఎప్పుడు? డిస్కు తాళంచెవి సంఖ్య ఎక్కడుంది? మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే సంతోషం. రాకపోతే వచ్చే సెలవు రోజున అతనితో కలిసి కూర్చోండి. ఇన్షాఅల్లాహ్, ఒక్క పూటలో అయ్యే పనే.